విశేషణం లేని విజేతలు

1939 మార్చి 28. అమెరికాలోని షికాగో నగరం. ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్ల కోసం మొట్టమొదటిసారి నిర్వహించిన ప్రపంచ టోర్నమెంటులో ఫైనల్ ముగిసింది. న్యూయార్క్ రినైసెన్స్ 34 పాయింట్లు, ఆష్‌కోష్ ఆల్ స్టార్స్ 25 పాయింట్లు. గెలిచిన జట్టును అభిమానులు ముద్దుగా 'రెన్స్' అని పిలిచేవారు. ఆ సీజన్‌లో వాళ్లు 112 ఆటలు గెలిచి, 7 మాత్రమే ఓడారు. జట్టులో ఉన్నవాళ్లంతా నల్లజాతీయులు. జట్టు యజమానీ నల్లజాతీయుడే. నల్లవాళ్లకు చాలా హోటళ్లలో గది దొరకని, చాలా భోజనశాలల్లో కుర్చీ దొరకని కాలంలో వాళ్లు సాధించిన గెలుపు ఇది.

బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు ఈ స్కోరు చెబితే ముందుగా వచ్చే ప్రశ్న, "ఫైనల్లో 34 పాయింట్లేనా?" అని. ఇప్పటి ఎన్‌బీఏ జట్లు ఒక్క ఆటలో 100 పాయింట్లు సులువుగా దాటుతున్నాయి కాబట్టి ఆ ప్రశ్న సహజమే. అయితే అప్పటి ఆట వేరు. బంతి చేతికొచ్చాక 24 సెకన్లలోపు బుట్ట వైపు విసరాలనే నియమం ఎన్‌బీఏలో 1954లో వచ్చింది. అంతకుముందు ఒక జట్టు బంతిని ఎంతసేపైనా తమ దగ్గరే ఉంచుకోవచ్చు. 1930ల మధ్య వరకూ ప్రతి బుట్ట తర్వాతా బంతిని మళ్లీ కోర్టు మధ్యకు తెచ్చి, రెండు జట్ల నుంచి చెరొకరు ఎగిరి అందుకోవాల్సి వచ్చేది. అందుకే ఆనాడు 9 పాయింట్ల తేడా అంటే చిన్న తేడా కాదు.

నాట్యశాలలో పుట్టిన జట్టు

ఈ జట్టును నిలబెట్టిన మనిషి బాబ్ డగ్లస్. కరీబియన్ దీవుల్లోని సెయింట్ కిట్స్‌లో 1882లో పుట్టాడు. బతుకుతెరువు కోసం న్యూయార్క్ వచ్చి, అక్కడే బాస్కెట్‌బాల్ చూసి, దానితో ప్రేమలో పడ్డాడు. మొదట తాను ఆడాడు. తర్వాత జట్లను నడపడం మొదలుపెట్టాడు. కానీ జట్టు ఉంటే చాలదు, ఆడటానికి చోటు కావాలి.

న్యూయార్క్‌లో నల్లజాతీయులు ఎక్కువగా ఉండే హార్లెమ్ ప్రాంతంలో అప్పుడే రినైసెన్స్ క్యాసినో అనే కొత్త హాలు వెలిసింది. దాన్ని కట్టిందీ నల్లజాతి వ్యాపారులే. జనం నాట్యం చేయడానికి వేసిన నున్నటి నేల ఉన్న హాలు అది. డగ్లస్ వాళ్ల దగ్గరికెళ్లి ఒక బేరం పెట్టాడు. హాలు ఆడుకోవడానికి ఇస్తే, జట్టుకు హాలు పేరే పెడతానన్నాడు. వాళ్లకు ప్రచారం, అతనికి కోర్టు. అలా 1923 నవంబరు 3న న్యూయార్క్ రినైసెన్స్ తొలి ఆట ఆడింది. ప్రత్యర్థి కాలేజియేట్ ఫైవ్. 28-22తో గెలిచారు.

జనం చక్కగా ముస్తాబై వచ్చి ముందు ఆట చూసేవారు. ఆట అయ్యాక అదే నేల మీద వాద్యబృందం వాయిస్తుంటే నాట్యం చేసేవారు. హార్లెమ్‌లో కవులూ రచయితలూ సంగీతకారులూ ఒక్కసారిగా వెలుగులోకి వచ్చిన కాలం అది. లాంగ్‌స్టన్ హ్యూస్ కవిత్వం, డ్యూక్ ఎల్లింగ్టన్ సంగీతం ఆ రోజులవే. ఆ వెలుగులో ఆటకు దక్కిన వాటా ఈ జట్టు.

డగ్లస్ చేసిన ఇంకో పని తక్కువేమీ కాదు. అప్పట్లో చాలా జట్లలో ఆటగాళ్లకు ఆటకింత అని కూలి లెక్కన ఇచ్చేవారు. ఎవరెక్కువ ఇస్తే వాళ్ల జట్టుకు వెళ్లిపోయేవారు. డగ్లస్ మాత్రం తన ఆటగాళ్లతో ఒప్పందం రాయించుకుని జీతం ఇచ్చాడు. దాంతో అదే మనుషులు ఏళ్ల తరబడి కలిసి ఆడారు. ఎవరు ఎటు కదులుతారో తలెత్తి చూడకుండానే తెలిసేంతగా అలవాటు పడ్డారు. రెన్స్ ఆటలో బంతి నేలకు తగలడమే అరుదని చూసినవాళ్లు చెప్పుకునేవారు. నేలకు కొట్టుకుంటూ ఒక్కడే పరుగెత్తడం కంటే, చేతి నుంచి చేతికి అందించుకుంటూ పోవడమే వాళ్ల పద్ధతి.

రోడ్డే ఇల్లు

1925లో అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్ మొదలైంది. అందులో నల్లజాతి జట్టుకు చోటు లేదు. లీగ్ లేకపోతే కాలపట్టిక ఉండదు, ఖాయమైన ఆదాయం ఉండదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. బస్సెక్కి ఊరూరా తిరిగి, ఆడతామన్న ప్రతి జట్టుతోనూ ఆడటం.

తిరగడం కూడా తేలిక కాదు. ఆట జరిగిన ఊళ్లోనే పడుకోవడానికి చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని నల్లజాతీయులకు బస దొరికే ఒక నగరాన్ని స్థావరంగా పెట్టుకునేవారు. అక్కడి నుంచి వందల కిలోమీటర్లు వెళ్లి ఆడి, రాత్రికి రాత్రి అదే బస్సులో తిరిగి వచ్చేవారు. భోజనశాలలు తలుపు మూస్తే, కొట్లో కొనుక్కున్నదేదో బస్సులోనే తినేవారు. ఆ తర్వాత దిగి, ఊరి జనం అంతా ఎదుటి జట్టు వైపే ఉన్న హాల్లో ఆడాలి.

జట్టు వెంట తిరిగే మేనేజరు పేరు ఎరిక్ ఇలిడ్జ్. ఆట చూడటానికి ఎంతమంది వచ్చారో తానే లెక్కపెట్టుకునేవాడు. రావాల్సిన డబ్బు చేతికి అందాకే ఆటగాళ్లను కోర్టులోకి దింపేవాడు. ఆట అయ్యాక అడిగితే ఎగ్గొట్టేవాళ్లు ఉంటారని అతనికి తెలుసు. ఆటగాళ్లకు మరో లెక్క ఉండేది. ఆట మొదట్లోనే వీలైనంత త్వరగా 10 పాయింట్లు ముందుకు వెళ్లిపోవాలి, ఎందుకంటే ఆ పది పాయింట్లూ రిఫరీ ఎలాగూ లాగేసుకుంటాడు. ఈ మాట వాళ్లు పెద్దవాళ్లయ్యాక నవ్వుతూ చెప్పుకున్నారు గానీ, ఆడే రోజుల్లో అది నవ్వులాట కాదు.

అందరూ ఒకేలా ఉండేవారని కాదు. ఒరిజినల్ సెల్టిక్స్ అనే తెల్లజాతి జట్టు ఆ కాలంలో అందరికంటే గట్టిది. రెన్స్ వాళ్లను 1925లో మొదటిసారి ఓడించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి రెండు జట్లూ పోటాపోటీగా ఆడాయి. సెల్టిక్స్ సెంటర్ ఆటగాడు జో లాప్‌చిక్ ఆట మొదలయ్యే ముందు రెన్స్ సెంటర్ 'టార్జాన్' కూపర్‌ను అందరి ముందూ ఆలింగనం చేసుకునేవాడు. నల్లవాడితో కరచాలనమే నచ్చని జనం నిండిన హాళ్లలో అది చిన్న పని కాదు.

88 ఆటలు, ఓటమి లేకుండా

1932-33 సీజన్‌లో రెన్స్ వరుసగా 88 ఆటలు గెలిచారు. ఆ వరుసను చివరికి తెంపింది సెల్టిక్స్ జట్టే. ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే ఇంకో అంకె పక్కన పెట్టాలి. ఎన్‌బీఏ చరిత్రలో వరుస విజయాల రికార్డు లాస్ ఏంజెలిస్ లేకర్స్ 1971-72లో సాధించిన 33.

అలాంటి జట్టుకు ప్రతి ఏటా ఒక బిరుదు వచ్చేది. దాన్ని ఇచ్చేది నల్లజాతి పత్రికలు. బిరుదు పేరు 'కలర్డ్ వరల్డ్ చాంపియన్స్'. అప్పట్లో నల్లజాతీయులను 'కలర్డ్' అని పిలిచేవారు. అంటే, నల్లవాళ్లలో ప్రపంచ విజేతలు అన్నమాట. అభిమానంతో ఇచ్చిన బిరుదే. కానీ ఆ మొదటి మాట ఒక కంచె కూడా. ఆ కంచె లోపల మీరే మొనగాళ్లు, కంచె బయట సంగతి మాత్రం అడగవద్దు అని అర్థం.

తెలుగు వ్యాకరణం చెప్పేటప్పుడు విశేషణం నామవాచకం గుణాన్ని తెలుపుతుందని చెబుతాం. పాఠంలో చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. కొన్ని విశేషణాలు నామవాచకానికి ఎత్తు పెంచుతాయి. కొన్ని దాన్ని కురచ చేస్తాయి. 'గొప్ప ఆటగాడు' అన్నప్పుడు మొదటి మాట రెండోదాన్ని పైకెత్తింది. 'ఆడపిల్లల్లో బాగా పరుగెత్తేది' అన్నప్పుడు పొగిడినట్టే పొగిడి ఒక గీత గీశాం. 'తెలుగు మీడియం వాడైనా లెక్కలు బాగా చేస్తాడు' అన్న మాట విన్న పిల్లవాడికి ఈ తేడా ఎవరూ వివరించనక్కర్లేదు.

రెన్స్ దగ్గర ఆ గీతను చెరపడానికి ఒక్కటే దారి. అందరూ పాల్గొనే పోటీ కావాలి. అది 1939 వరకు రాలేదు.

మూడు ఆటల్లో తేలిన లెక్క

ఆ ఏడాది షికాగోకు చెందిన హెరాల్డ్-అమెరికన్ పత్రిక ప్రొఫెషనల్ జట్లకు ప్రపంచ టోర్నమెంటు పెట్టింది. లీగ్‌లో ఉన్న జట్లనూ, లీగ్ బయట తిరిగే జట్లనూ, తెల్లవాళ్లనూ, నల్లవాళ్లనూ ఒకే పట్టికలో వేసింది. గెలిచిన జట్టుకు బహుమతి 1,000 డాలర్లు.

రెన్స్‌లో అప్పుడున్న వాళ్లను చూస్తే మూడు తరాలు ఒకే జట్టులో ఉన్నట్టుండేది. కెప్టెన్ 'ఫ్యాట్స్' జెంకిన్స్ వయసు నలభై దాటింది. ఎండాకాలంలో బేస్‌బాల్, చలికాలంలో బాస్కెట్‌బాల్ ఆడుతూ ఇరవై ఏళ్లకు పైగా గడిపినవాడు. ఐర్ సెయిచ్ నల్లజాతీయుల జాతీయ టెన్నిస్ పోటీల్లో విజేతగా నిలిచినవాడు. కూపర్, 'వీ విల్లీ' స్మిత్ బుట్ట దగ్గర కొండల్లా నిలబడేవారు. పనామాలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన జాన్ ఐజాక్స్ వయసు ఇరవై మూడు. 'పాప్' గేట్స్ అయితే అంతకుముందు ఏడాదే హైస్కూలు జట్టుతో న్యూయార్క్ నగర విజేతగా నిలిచి, నేరుగా ఇక్కడికి వచ్చాడు. జాక్ క్లేటన్ కూడా ఈ జట్టువాడే. 1974లో కిన్షాసాలో మహమ్మద్ అలీ, జార్జ్ ఫోర్‌మన్ తలపడిన ప్రసిద్ధ బాక్సింగ్ పోటీకి రిఫరీగా నిలబడింది ఇతనే.

మొదట న్యూయార్క్ యాంకీస్ అనే బాస్కెట్‌బాల్ జట్టును 30-21తో ఓడించారు. సెమీఫైనల్లో ఎదురైంది హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్. పేరులో హార్లెమ్ ఉన్నా అది షికాగో జట్టు. తర్వాతి రోజుల్లో చమత్కారాల ఆటతో లోకమంతా నవ్వించినా, అప్పట్లో అది గట్టి పోటీ ఇచ్చే జట్టు. టోర్నమెంటులో ఉన్న రెండు నల్లజాతి జట్లూ పట్టికలో ఒకే వైపున పడ్డాయి. కాబట్టి ఫైనల్‌కు వెళ్లగలిగేది ఒక్కటే. రెన్స్ 27-23తో గట్టెక్కారు. ఆ మరుసటి ఏడాది ఇదే టోర్నమెంటును గ్లోబ్‌ట్రాటర్స్ గెలుచుకున్నారు.

ఫైనల్ ప్రత్యర్థి ఆష్‌కోష్ ఆల్ స్టార్స్, తెల్లజాతి ఆటగాళ్లతో నడిచే నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో బలమైన జట్టు. వాళ్ల సెంటర్ లెరాయ్ ఎడ్వర్డ్స్ ఆ లీగ్‌లోనే ఎక్కువ పాయింట్లు చేసే ఆటగాడు. ఆట ముగిసేసరికి స్కోరు 34-25. టోర్నమెంటు ఉత్తమ ఆటగాడిగా రెన్స్‌కు చెందిన 'పగ్గీ' బెల్ ఎంపికయ్యాడు.

బ్లేడుతో దిద్దిన వాక్యం

గెలిచాక డగ్లస్ తన ఆటగాళ్లకు జాకెట్లు కుట్టించి ఇచ్చాడు. వీపు మీద అలవాటైన మాటలే ఉన్నాయి, 'కలర్డ్ వరల్డ్ చాంపియన్స్' అని. జాన్ ఐజాక్స్ ఆ జాకెట్టు అందుకుని, ఎవరి దగ్గరో ఒక బ్లేడు అడిగి తీసుకుని, 'కలర్డ్' అన్న అక్షరాల దారాలను ఒక్కొక్కటే జాగ్రత్తగా కోసి తీసేశాడు. జాకెట్టు పాడు చేస్తున్నావేమిటని డగ్లస్ అడిగాడు. పాడు చేయడం లేదు, బాగు చేస్తున్నానన్నట్టు జవాబిచ్చాడు ఐజాక్స్. ఇక వీపు మీద మిగిలింది 'వరల్డ్ చాంపియన్స్' అన్న రెండు మాటలే.

ఆ పనిలో డగ్లస్ మీద కోపం లేదు, తమ జాతి అంటే సిగ్గూ లేదు. ఐజాక్స్ చేసింది ఒక తప్పు వాక్యాన్ని సరిచేయడం. ఆష్‌కోష్ మీద గెలిచిన తర్వాత ఆ విశేషణం నిజం కాదు. నిజం కానిదాన్ని వీపు మీద మోయడం అతనికి ఇష్టం లేకపోయింది.

తెరిచిన తలుపు ముందు

ఒక్క టోర్నమెంటుతో లోకం మారిపోలేదు. మరుసటి రోజు నుంచి మళ్లీ బస్సు, మళ్లీ చల్లటి తిండి. 1948లో ఇదే ప్రపంచ టోర్నమెంటు ఫైనల్లో రెన్స్, మినియాపొలిస్ లేకర్స్ తలపడ్డారు. జార్జ్ మైకన్ ఆడిన లేకర్స్ 75-71తో గెలిచారు. ఆ లేకర్స్ తర్వాత ఎన్‌బీఏ తొలి మహా జట్టుగా పేరు తెచ్చుకున్నారు. వాళ్లకు నాలుగే పాయింట్ల దూరంలో నిలిచిన జట్టుకు మాత్రం పెద్ద లీగుల తలుపు తెరుచుకోలేదు.

అదే ఏడాది డిసెంబరులో నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఒక జట్టు మధ్యలో కూలిపోయింది. ఆ ఖాళీలోకి రెన్స్‌ను పిలిచారు. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరం పేరుతో, పాప్ గేట్స్ కోచ్‌గానూ ఆటగాడిగానూ వాళ్లు సీజన్ ముగించారు. మరుసటి ఏడాది, 1949లో, రెండు పెద్ద లీగులు కలిసి ఎన్‌బీఏ ఏర్పడింది. అందులో డేటన్‌కు చోటు దక్కలేదు. జట్టు కథ అక్కడితో ముగిసింది.

1950లో ఎన్‌బీఏలోకి నల్లజాతి ఆటగాళ్లు అడుగుపెట్టారు. వాళ్లలో ఒకడైన నాట్ 'స్వీట్‌వాటర్' క్లిఫ్టన్ ఒకప్పుడు రెన్స్ తరఫున ఆడినవాడే. అతను చేరిన న్యూయార్క్ నిక్స్ జట్టుకు అప్పటి కోచ్ ఎవరో కాదు, కూపర్‌ను ఆలింగనం చేసుకున్న జో లాప్‌చిక్. కానీ జెంకిన్స్, కూపర్, ఐజాక్స్, గేట్స్‌లలో ఒక్కరూ ఎన్‌బీఏలో ఆడలేదు. తలుపు తెరుచుకునేసరికి వాళ్ల వయసు దాటిపోయింది.

గుర్తింపు మెల్లగా వచ్చింది. 1963లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి జట్టును జట్టుగానే చేర్చారు. 1972లో బాబ్ డగ్లస్ చేరాడు. ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. 1977లో కూపర్, 1989లో గేట్స్ చేరారు. ఐజాక్స్ చాలా ఏళ్లు న్యూయార్క్‌లో పిల్లల క్లబ్బులో ఆట నేర్పుతూ గడిపి, 2009లో కన్నుమూశాడు. ఆయన పేరు 2015లో చేరింది. అదే 2015లో హార్లెమ్‌లో పాడుబడిన రినైసెన్స్ హాలును కూల్చేశారు.

లెక్కల పీరియడుకు కొంచెం పని

112 గెలుపులు, 7 ఓటములు. మొత్తం 119 ఆటలు. నూటికి ఎన్ని గెలిచినట్టు? లెక్క వేస్తే 94 దాకా వస్తుంది. మైకేల్ జోర్డాన్ ఆడిన షికాగో బుల్స్ 1995-96లో 82 ఆటల్లో 72 గెలిచి చాంపియన్లయ్యారు. నూటికి 88 దగ్గర. గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2015-16లో 73 గెలిచి ఆ రికార్డు దాటారు. నూటికి 89. కానీ ఫైనల్స్‌లో ఓడిపోయారు.

ఇక్కడ పిల్లలతో ఇంకో ప్రశ్న అడిగించాలి. ఈ మూడు శాతాలనూ ఒకే తరాజులో తూచవచ్చా? రెన్స్ ఎదుర్కొన్న జట్లలో లీగ్ స్థాయివీ ఉన్నాయి, మామూలు ఊరి జట్లూ ఉన్నాయి. ఆ సంగతి వాళ్ల శాతాన్ని కొంత తేలిక చేస్తుంది. మరోవైపు, బుల్స్ ఆటగాళ్లు విమానంలో వెళ్లి, మంచి హోటల్లో పడుకుని, సగం ఆటలు సొంత అభిమానుల మధ్య ఆడారు. రెన్స్ సీజన్‌ను ఆరు నెలలనుకుంటే మూడు రోజులకు రెండు ఆటలు పడతాయి. వాటిలో ఎక్కువ భాగం బస్సులో కునికిపాట్లు పడి లేచి, పరాయి ఊళ్లో ఆడినవే. ఆ సంగతి అదే శాతాన్ని బరువెక్కిస్తుంది. అంకె ఒకటే, దాని వెనక పరిస్థితి వేరు. లెక్క చేయడం వచ్చిన పిల్లలకు ఇది కూడా చూడటం వస్తే, ఆ పీరియడు వృథా కానట్టే.